ప్రింటును ప్రింటని చెప్పి అమ్మండి

పోచంపల్లి పేరుతో నకలు చీరలు అమ్ముతున్న వస్త్ర వ్యాపారులకు బహిరంగ లేఖ

అయ్యా,

తోటి వ్యాపారిని నలుగురిలో పెట్టి తప్పు పట్టడం మన బజారు మర్యాద కాదు. పక్క దుకాణంలో సరుకు ఎట్లా ఉంటుందని గిరాకీ అడిగితే "మాది చూడండమ్మా" అని మాట దాటెయ్యమనే మన పెద్దవాళ్ళు నేర్పారు. ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకుంటే చివరికి ఇద్దరూ ఖాళీగా కూర్చోవాల్సి వస్తుందన్నది వాళ్ళ లెక్క. ఆ మర్యాద తెలిసి కూడా ఈ ఉత్తరం అచ్చుకెక్కిస్తున్నాను. చాటుగా చెప్పగలిగినంత చెప్పి చూశాం. మీలో కొందరికి ఫోన్లు చేశాం, కొందరి దగ్గరకు పెద్దమనుషులను పంపాం. "చూద్దాం లెండి" అన్నారు. చూస్తుండగానే దసరాలు, సంక్రాంతులు, పెళ్ళిళ్ళ సీజన్లు గడిచిపోయాయి. మీ షోకేసులో బోర్డు మాత్రం మారలేదు.

నేను భూదాన్ పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి, ఇప్పుడు చిన్న చీరల దుకాణం నడుపుకుంటున్నవాణ్ణి. అంటే మీకు పోటీదారుణ్ణే. కడుపుమంటతో రాశాడని మీరు అంటారని తెలుసు కాబట్టి ఆ సంగతి నేనే ముందు చెబుతున్నాను. చెప్పినవాడు పోటీదారుడైనంత మాత్రాన ప్రింటు చీర నేత చీర అయిపోదు.

ముందు నాకు దేనితో పేచీ లేదో చెప్తాను. చవక సరుకుతో లేదు. ఏడొందలకో ఎనిమిదొందలకో ముచ్చటైన చీర కట్టుకోవాలనుకునే ఆడపిల్లకు ఆ చీర దొరకాల్సిందే. మా ఊళ్ళో మగ్గం నేసే ఆడవాళ్ళలో చాలామంది రోజూ కట్టుకునేది మీరు అమ్మే పాలిస్టర్ చీరలే. మర మగ్గంతో పేచీ లేదు. సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికేవాళ్ళూ మావాళ్ళే. సూరత్ ప్రింటుతో పేచీ లేదు. అదీ ఒక పనితనమే, అందులోనూ వేలమంది పొట్ట పోసుకుంటున్నారు. ఇంకా ఒక మాట ఒప్పుకుంటాను. పోచంపల్లి చీరల మీది ఆ ముక్కోణాలు, ఆ మెట్ల గీతలు, ఆ ఏనుగులు, చిలకలు ఎవరో ఒకరి సొంత ఆస్తి అని నేను అనను. మేం నేసే ఇక్కత్ ఒడిశాలో ఉంది, గుజరాత్‌లోని పాటన్‌లో ఉంది, ఇండోనేషియాలో ఉంది. బొమ్మలు ఊళ్ళు దాటి తిరుగుతూనే ఉంటాయి.

నా పేచీ అల్లా మీరు చీర మీద పెట్టే పేరుతో. మీ అద్దం వెనక బొమ్మకు కట్టిన చీర పక్కన "ఒరిజినల్ పోచంపల్లి, రూ. 999 మాత్రమే" అని రాసి ఉంటుంది. ప్రింటు అన్న ముక్క ఆ బోర్డు మీద ఎక్కడా ఉండదు. ఫోన్లో అమ్మేవాళ్ళయితే ఇంకో అడుగు ముందుకేసి, ఎవరో నేతన్న గుంత మగ్గం మీద కూర్చున్న ఫొటో పెట్టి, దాని కింద పాలిస్టర్ చీర ధర వేస్తున్నారు. ఆ ఫొటోలో మనిషికి ఆ చీర ఎక్కడ తయారైందో కూడా తెలియదు.

ఆ పేరు వెనక ఎంత పని ఉందో తెలియకనే వాడుతున్నారేమోనని ఒక్కసారి చెప్పి చూస్తాను.

ఇక్కత్‌లో రంగు గుడ్డ మీద పడదు, దారం మీద పడుతుంది. గుడ్డ ఇంకా పుట్టకముందే దాని మీది బొమ్మ దారంలో ఉండాలి. అందుకోసం ముందు గళ్ళ కాగితం మీద డిజైను గీస్తారు. తర్వాత పేక దారాన్ని ఆసు పోస్తారు. అర్ధచంద్రాకారంలో మేకులు దిగేసిన చట్రం అది. ఒక కొసన ఉన్న మేకు నుంచి ఎదురుగా వరసలో ఉన్న మేకులకు, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి, చేత్తో దారాన్ని తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు ఆ చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రెండు చీరలకు ఆసు పోసిన ఆడమనిషికి ఆ రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేవదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేకనే ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. మీలో చాలామంది ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకునే ఉంటారు.

ఆసు అయ్యాక చిటికి కట్టడం. డిజైను ప్రకారం ఏ రంగు ఎక్కడ అంటకూడదో ఆ చోటల్లా దారపు పాయలను రబ్బరు ట్యూబు పీలికలతో బిగించి కట్టాలి. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కొత్తగా కట్టి మళ్ళీ ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి బొమ్మ చెడిపోతుంది. ఆ తర్వాత పడుగు సాగదీసి, అచ్చు అతికి, మగ్గానికి ఎక్కిస్తారు. నేసేటప్పుడు ప్రతి పోగునూ పక్క పోగుతో జరిపి సరిచూసుకోవాలి, లేకపోతే ఏనుగు తొండం ఒకచోట, తల ఒకచోట పడతాయి. పడుగూ పేకా రెండూ చిటికి కట్టిన డబుల్ ఇక్కత్ అయితే కష్టం రెండింతలని చెప్పడం కూడా తక్కువే. ఇంటిల్లిపాదీ చేస్తే తప్ప సాగని పని ఇది. పోచంపల్లిలోనే కాదు, పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం, గట్టుప్పల, చౌటుప్పల్ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఇదే బతుకు.

మీరు అమ్మే చీర మీద అదే బొమ్మను రోలరు మీద పరిచి మీటర్లకు మీటర్లు నిమిషాల్లో అచ్చు గుద్దుతారు. గుద్దనివ్వండి. దానికి ఈ పేరు ఎందుకు?

"గిరాకీ పోచంపల్లి అనే అడుగుతుంది, మేమేం చెయ్యాలి?" అని మీలో ఒకాయన నన్ను అడిగాడు. అడిగిన మనిషికి నిజం చెప్పండి. "ఇది పోచంపల్లి డిజైను ప్రింటమ్మా, నేసింది కాదు" అనడానికి ఎంత సేపు పడుతుంది? చెబితే కొనదనే మీ భయం. కొనదని తెలిసే ఆ మాట దాచిపెడుతున్నారంటే, ఆ 999 రూపాయల్లో కొంత గుడ్డకు పోయినా కొంత మా పేరుకు వసూలు చేస్తున్నట్టే. ఆ కొంతలో మా ఊరికి దమ్మిడీ రాదు.

"పేదవాళ్ళకు పోచంపల్లి అందుబాటులోకి తెచ్చాం" అని ఇంకొకరు గొప్పగా అన్నారు. పేదవాళ్ళకు అందుబాటులోకి వచ్చింది పాలిస్టర్. డబ్బున్నావిడ ఎలాగూ వెనక్కి తిప్పి చూసి, నలుగురిని అడిగి కొంటుంది. మీ బోర్డును నమ్మి మోసపోయేది కూతురి పెళ్ళికి ఒక్క మంచి చీర కొందామని ఏడాదిపాటు చీటీ కట్టిన మనిషే.

అసలు సంగతి నా దుకాణంలో జరిగిన ఒక బేరంతో చెబితే మీకు బాగా అర్థమవుతుంది. శ్రావణమాసంలో నల్లగొండ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. చీరలు చూసి, ధర అడిగి, సంచిలోంచి ఒక చీర తీసి గద్దె మీద పరిచింది. "అన్నా, ఇది పదకొండు వందలకు కొన్న. ప్యూర్ పోచంపల్లి అని చెప్పిండు. మీరు గిసువంటిదానికే తొమ్మిది వేలంటున్రు. గింత తేడా ఎట్లుంటది?"

నేను ఆమె చీరను తిరగేశాను. వెనకవైపు రంగు వెలిసిపోయినట్టుంది. బొమ్మ అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి. చిటికి కట్టిన బొమ్మకు అంచు అలా ఉండదు, రంగు కొంచెం పక్కకు పాకి ఈకల్లా ఉంటుంది. అయినా నా మాట ఎందుకు నమ్మాలి? కొంగు కుచ్చు దగ్గర ఆమె చేతనే ఒక పేక పోగు లాగించాను. ఆ పోగు మీద పైవైపు ఎర్రగా ఉంది, పక్క దారం కింద దాగిన చోట తెల్లగా ఉంది. నా చీర నుంచి ఒక పోగు లాగి పక్కన పెట్టాను. బెత్తెడు ఎరుపు, వేలెడు తెలుపు, మళ్ళీ ఎరుపు. ఎరుపున్న చోట చుట్టూతా ఎరుపే, విప్పి చూసినా ఎరుపే. తర్వాత మిగిలిన ముక్కలకు అగ్గిపుల్ల అంటించాం. ఆమె చీర పోగు కరిగి గట్టి పూసలా ముద్దకట్టింది. మా పట్టు పోగు వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపితే బూడిదైపోయింది.

బిల్లు ఉందా అని అడిగాను. ఉంది. దాని మీద "శారీ – 1" అని, కింద ధర అని, అంతే. బోర్డు మీద రాసిన పోచంపల్లి బిల్లు మీదికి రాలేదు. నోటితో చెప్పిన ప్యూర్ కాగితం మీదికి రాలేదు. రేపు ఎవరన్నా అడిగితే జవాబు చెప్పాల్సిన కాగితం మీద ఆ రెండు మాటలు రాయకుండా జాగ్రత్తపడ్డారంటే, అది తెలియక చేసిన పని కాదు.

ఇంత చూపించాక ఆమె నా చీర కొంటుందనుకున్నాను. కొనలేదు. "ఆయన కూడా ఒరిజినల్ అనే చెప్పిండు గదా అన్నా, మిమ్మల్ని మాత్రం ఎట్ల నమ్మాలె?" అని సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమెను తప్పు పట్టలేను. మీ పదకొండు వందల చీర వల్ల నాకు పోయింది ఆ ఒక్క బేరమే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నేను నిజం చెప్పినా అబద్ధంలా వినపడే రోజు తెచ్చారు. దాని ఖరీదు ఏ బిల్లులోనూ పట్టదు.

ఆ నమ్మకం పోయినప్పుడు దెబ్బ తగిలేది ఎవరికో కూడా చూడండి. గిరాకీ బేరం తగ్గిస్తే దుకాణదారు మగ్గాలకు పనిచ్చే ఆసామికి తగ్గిస్తాడు. ఆసామి నూలులో తగ్గిస్తాడు, రంగులో తగ్గిస్తాడు, అవి చాలకపోతే మగ్గం కూలీలో తగ్గిస్తాడు. అప్పుడు నిజమైన చీర కూడా నాసిరకంగా తయారవుతుంది, "చేనేత కూడా ఇంతేగా" అనే మాట నిజమైపోతుంది. 2019–20లో కేంద్రం చేసిన నాలుగో చేనేత గణనలో దేశమంతటా 31 లక్షలకు పైగా చేనేత కుటుంబాలు తేలాయి. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఇళ్ళ నెల సంపాదన 5 వేల రూపాయలు దాటడం లేదని కూడా అందులో తేలింది. ఈ లెక్క చూసిన ఏ తండ్రి కొడుకును మగ్గంలోకి దించుతాడు? మా పిల్లలు హైదరాబాదులో డెలివరీ బండ్లు నడుపుతున్నారు. వాళ్ళు మోసే పొట్లాల్లో మీ "పోచంపల్లి" చీరలు కూడా ఉంటాయి.

చట్టం సంగతి మీకు తెలియదనుకోను. అయినా రాస్తాను, చదివేవాళ్ళ కోసం. పోచంపల్లి ఇక్కత్‌కు 2004–05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఈ గుర్తింపు మొదలైన తొలి ఏడాదిలోనే వచ్చినవాటిలో ఇదొకటి. ఆ పేరును తప్పుగా తగిలించినా, అలా తగిలించిన సరుకు అమ్మినా 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని 1999 నాటి చట్టం చెబుతోంది. చేనేతకే కేటాయించిన రకాలను మరమగ్గం మీద నేయకూడదని 1985లో మరో చట్టం వచ్చింది. మొదట 22 రకాలు కేటాయిస్తే ఇప్పుడు 11 మిగిలాయి. ఆ చట్టాన్ని 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయగల అధికారం 2019 నాటి వినియోగదారుల చట్టం ఇచ్చింది. కాగితం మీద మాకు రక్షణ కొదవ లేదు.

మరి ఎందుకు ఏమీ జరగడం లేదు? భౌగోళిక గుర్తింపు చట్టం కింద వారంటు లేకుండా సోదా చేయాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రావాలి. ఆయన కూడా ముందుగా రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఆ రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. ఫిర్యాదు చేయాల్సిన నేతన్న ఒక్క రోజు మగ్గం దిగితే ఆ రోజు కూలి పోతుంది. మీ వైపు వకీలు ఉంటాడు, మా వైపు వాయిదాలు ఉంటాయి. మీ ధైర్యం అంతా అక్కడి నుంచే వస్తోంది. పట్టుపడరన్న భరోసాతో చేసే పనికి వ్యాపార తెలివి అని పేరు పెట్టుకోకండి.

మీ గురించి ఇంత రాసి మా ఊరి సంగతి దాచడం న్యాయం కాదు. ప్రింటు చీరల మూట పోచంపల్లి బస్టాండులో కూడా దిగుతోంది. బయటి నుంచి కార్లలో వచ్చే వాళ్ళు "ఊళ్ళోనే కొంటున్నాం కదా, అసలుదే అయి ఉంటుంది" అనుకుంటారు. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకునే దుకాణాలు మా మధ్యనా ఉన్నాయి. బయటివాడు చేసే మోసం కన్నా ఇది పెద్దది. ఎందుకంటే ఆ పేరు ఎంత కష్టపడితే వచ్చిందో వీళ్ళకు తెలుసు. ఈ ఉత్తరం వాళ్ళకు కూడా. చేనేత సంఘాల పెద్దలు బయటి దుకాణాల మీదికి పోయే ముందు మెయిన్ రోడ్డు మీద ఒకసారి నడిచి రావాలి.

ఇక నేను అడిగేది చాలా చిన్నది. ప్రింటు చీరలు మానెయ్యమని అడగడం లేదు. ధర పెంచమని అడగడం లేదు. చీర మీద అంటించే చీటీలో "ప్రింటు" అని, ఏ దారమో ఆ దారం పేరు, తెలుగులో, చదవగలిగే సైజులో రాయండి. బోర్డు మీద ఏ పేరు పెట్టి అమ్మారో బిల్లు మీద అదే పేరు రాయండి. రాయడానికి చెయ్యి రాని పేరు నోటితో చెప్పకండి. చేనేతకూ ప్రింటుకూ వేరువేరు అరలు పెట్టండి. నేతన్న ఫొటో పెడితే ఆ చీర నేసిన మనిషి ఫొటోనే పెట్టండి, ఆయన్ను అడిగి పెట్టండి. వీటిలో ఏదీ మీకు రూపాయి ఖర్చు పెట్టించేది కాదు.

కొనేవాళ్ళకు కూడా ఒక మాట. చీరను తిరగేసి చూడండి. రెండు వైపులా రంగు ఒకేలా ఉందో లేదో, బొమ్మ అంచు ఈకల్లా ఉందో గీసినట్టుందో చూడండి. చేనేత గుర్తు, పట్టు అయితే సిల్క్ మార్కు ఉన్నాయేమో అడగండి. అన్నిటికన్నా ముందు, "బిల్లు మీద పోచంపల్లి చేనేత అని రాసివ్వండి" అని అడగండి. ఇచ్చే దుకాణం ఏదో, నసిగే దుకాణం ఏదో అక్కడే తేలిపోతుంది. ప్రింటే నచ్చితే ప్రింటే కొనుక్కోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. దానికి ప్రింటు ధరే ఇవ్వండి.

వ్యాపారులారా, ఈ ఉత్తరం చదివి మీకు కోపం వస్తే, దానికి తగిన జవాబు ఒకటి ఉంది. నేను మగ్గం నుంచి తెచ్చిన చీరా, మీరు మిల్లు నుంచి తెచ్చిన చీరా మీ దుకాణంలోనే, మీ గద్దె మీదనే పక్కపక్కన పెడదాం. మీ చీర మీద ప్రింటు అని, నా చీర మీద చేనేత అని రాద్దాం. రెండు ధరలూ పైకి కనబడేటట్టు పెడదాం. వచ్చే గిరాకీని చూడనిద్దాం, తాకనిద్దాం, పోగు లాగి చూసుకోనిద్దాం. అప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది మీ చీరే తీసుకున్నా నాకు ఒక్క మాట ఉండదు. ఆ తొమ్మిదిమందీ తెలిసి కొన్నవాళ్ళు, నా దగ్గరికి వచ్చిన ఆ ఒక్కరూ తెలిసి వచ్చినవాళ్ళు. ఆ ఒక్కరితో మా మగ్గాలు నడుస్తాయి. ఈ పందేనికి మీలో ఎవరు సిద్ధపడినా తేదీ మీరే చెప్పండి, చీరలు తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
మీ సాటి వ్యాపారి,
భూదాన్ పోచంపల్లి, యాదాద్రి భువనగిరి జిల్లా